తప్పుల ఫలహారం

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు ఎకెహార్డ్ రుప్పెల్ ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో రెండు దెబ్బలు వేసి, ఆ రోజు పనులన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. ఏడుంబావుకు ఫ్యాక్టరీ. తొమ్మిదింటికి క్యాంటీనులో అందరి ముందు నిలబడి ఒక తప్పు ఒప్పుకోవడం. తొమ్మిదీ పదికి చప్పట్లు. తొమ్మిదింబావుకల్లా తన గదిలో, తన కుర్చీలో. సాయంత్రం నాలుగింటికి రోస్విటా క్నేబెల్ పదవీ విరమణ సభ ఉంది. దానికి మాత్రం పంటి నొప్పి వస్తుంది. ఆ నొప్పి మూడున్నరకు మొదలు కావాలని కూడా ముందే నిర్ణయించుకున్నాడు.

"ఏదీ, ఆ కార్డు చదువు, వింటాను," అంది భార్య గుడ్రున్, రొట్టెకు వెన్న రాస్తూ.

రుప్పెల్ గొంతు సవరించుకున్నాడు. "రెండు వేల పన్నెండు మార్చిలో, ఇరవై రెండు సెంటీమీటర్ల రింగులున్న పెట్టె మీద ఇరవై నాలుగు అని చీటీ అంటించాను. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ సిగ్గుపడుతున్నాను."

"అంతేనా?"

"అంతే."

"తప్పులకు అంత కరువొస్తే నన్నడగొచ్చుగా! ముప్పై ఒక్క ఏళ్ళవి దాచిపెట్టాను. తేదీలతో సహా ఇచ్చేదాన్ని."

"ఇవి ఆఫీసు తప్పులు గుడ్రున్."

"ఇంతకీ ఇది నిజంగా చేశావా?"

రుప్పెల్ గుడ్డు మీద ఉప్పు చల్లాడు. చల్లినచోటే మళ్ళీ చల్లాడు. "చేసే ఉంటాను," అన్నాడు.

చేయలేదు. ఆ తప్పును అతను మూడు రాత్రులు కూర్చుని కష్టపడి తయారు చేశాడు. ఎవరికీ నష్టం లేనిది, ఏ కాగితంలోనూ జాడ దొరకనిది, విన్నవాళ్ళు "అయ్యో పాపం" అనదగ్గది కావాలి. పెట్టె మీది చీటీ కన్నా మంచి తప్పు దొరకదని అతని నమ్మకం.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, ఆల్బ్ కొండల కింద ఉన్న ఆ ఫ్యాక్టరీ డెబ్బై ఏళ్ళుగా ప్రెషర్ కుక్కర్ మూతలకు రబ్బరు రింగులు చేస్తోంది. రుప్పెల్ ఇరవై రెండేళ్ళుగా అక్కడ క్వాలిటీ విభాగానికి పెద్ద. యజమాని పెద్ద డోబ్లర్ బతికున్నంత కాలం ఆ ఫ్యాక్టరీలో తప్పులు ఉండేవి కావు. చేసినవాళ్ళు మర్నాడు ఉండేవాళ్ళు కారు గనక, చూసినవాళ్ళు చెప్పేవాళ్ళు కారు గనక, లెక్కకు ఏ తప్పూ మిగిలేది కాదు. ఆయన పోయాక కూడా ఆ భయం మాత్రం జీతం లేకుండా పనిచేస్తూనే ఉంది. పోయినేడు ఒక అచ్చులో పగులు వచ్చింది. పదకొండు మందికి తెలుసు. నాలుగు నెలలు పదకొండు మందీ నోరు మెదపలేదు. అందరికన్నా ఎక్కువ సరుకు కొనే కుక్కర్ల కంపెనీ చివరికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడే పెద్ద డోబ్లర్ కూతురు స్వెన్యా పగ్గాలు పట్టింది. మొదటి సమావేశంలోనే అడిగింది: "కంపెనీల తీరు నాలుగు రకాలు. కొన్ని ఇల్లులా నడుస్తాయి, కొన్ని సంతలా, కొన్ని ప్రయోగశాలలా, కొన్ని పటాలంలా. మనది ఏ రకం?"

"ఇల్లేనండీ," అన్నాడు క్యాంటీను వంటాయన బెర్టోల్డ్.

"ఎవరి ఇల్లు? మా నాన్నగారి ఇల్లయితే అది పటాలమే. నేను పెరిగింది అందులోనే కదా!"

పటాలాన్ని మార్చడానికి ఆమె కనిపెట్టిన ఉపాయం తప్పుల ఫలహారం. ప్రతి శుక్రవారం తొమ్మిదింటికి వెన్న పూసిన బ్రెట్జెళ్ళనే మెలికల రొట్టెలు, కాఫీ, ఒకరి తప్పు. అందరూ చప్పట్లు కొట్టాలి. "మొదట పెద్దవాళ్ళు చెప్పాలి," అంది స్వెన్యా. "రుప్పెల్ గారే మొదలుపెడితే ఇక ఎవరికీ భయం ఉండదు."

రుప్పెల్ దగ్గర అసలైన తప్పు లేక కాదు. ఒకటి ఉంది. రెండు వేల తొమ్మిది డిసెంబరులో ఒక శుక్రవారం, మంచు కొండలకు పోయే రైలు అందుకోవాలన్న తొందరలో, పని ముందే ముగుస్తుందని రబ్బరు రింగులు ఉడికే రెండో నంబరు ఓవెన్ వేడిని నూట అరవై అయిదు నుంచి నూట ఎనభై అయిదు డిగ్రీలకు తిప్పి వెళ్ళిపోయాడు. సోమవారానికి తొమ్మిది వేల రింగులు అప్పడాల్లా విరిగాయి. పెద్ద డోబ్లర్ హాలు మధ్యలో నిలబడి "శుక్రవారం ఆఖరి షిఫ్టు ఎవరిది?" అని అరిచాడు. "నాదే," అంది రోస్విటా క్నేబెల్. వాసన చూసి ఓవెన్ వేడి చెప్పగల మనిషి ఫ్యాక్టరీ మొత్తానికి ఆమె ఒక్కతే. రుప్పెల్ నోరు తెరిచి ఉండాల్సింది. అతను తన బూట్లు చూసుకున్నాడు. ఎడమ బూటు లేసు వదులుగా ఉంది. ఆ లేసు ఇప్పటికీ అతనికి కలలో కనిపిస్తుంది.

రోస్విటాను ఓవెన్ నుంచి తీసేసి కింది గదికి పంపారు. తయారైన ప్రతి విడత నుంచి రెండేసి రింగులు, వాటి కాగితాలు దాచి ఉంచే నమూనాల గది అది. కిటికీ లేదు. రుప్పెల్ అప్పటినుంచి అటు మెట్లు దిగలేదు. ఆమె ఎదురొస్తుంటే మరచిపోయిన ఫైలేదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేవాడు. ఏటా క్రిస్మస్‌కు మాత్రం గుడ్రున్ చేత సోంపు బిస్కెట్లు చేయించి ఒక డబ్బా పంపేవాడు. ఏటా జనవరిలో ఆమె నుంచి ఒక కార్డు వచ్చేది: "బిస్కెట్లు అందాయి. వీలు చూసుకుని ఒకసారి కిందికి రండి." మంచితనం కొద్దీ పిలుస్తోందనుకుని రుప్పెల్ ఇంకాస్త కుంగిపోయేవాడు. ఆమెకు ఆ ఫ్యాక్టరీలో ఇదే ఆఖరి రోజు. ఇవాళ సాయంత్రం అయిదు దాటితే ఆ సిగ్గు కూడా పింఛను తీసుకుంటుందని అతని ఆశ.

తొమ్మిదింటికి అంతా అనుకున్నట్టే జరిగింది. రుప్పెల్ కార్డు చదివాడు. గొంతు రెండుసార్లు వణికింది. ఒకసారి కావాలని, ఒకసారి దానంతట అదే. క్యాంటీను దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. స్వెన్యా కళ్ళు తుడుచుకుంది. బెర్టోల్డ్ రెండో బ్రెట్జెల్ ఊరికే ఇచ్చాడు.

పదింబావుకు ఫిర్యాదుల విభాగం మత్తిస్ ఓలర్ తలుపు తట్టాడు. పలచటి మనిషి, చేతిలో మందపాటి ఫారం.

"చాలా గొప్పగా చెప్పారండీ. ఇంతకీ ఎన్ని పెట్టెలు?"

"ఏం పెట్టెలు?"

"తప్పు చీటీ అంటించిన పెట్టెలు. తప్పు బయటపడితే ఎనిమిది అంచెల నివేదిక రాయాలి కదా. మీరు పెట్టిన రూలేగా!"

రుప్పెల్ కుర్చీలో వెనక్కి జరిగాడు. పద్నాలుగు పేజీల ఆ ఫారాన్ని తయారు చేసింది తనే. ఏ గడీ ఖాళీగా వదలకూడదని కింద ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించిందీ తనే.

"ఒక్కటే పెట్టె ఓలర్. పదమూడేళ్ళ కిందటి మాట. వదిలేయ్."

"ఎలా వదిలేస్తానండీ, మీ తప్పు! ఎక్కడికి వెళ్ళింది ఆ పెట్టె?"

"దక్షిణ టైరోల్‌కో ఎక్కడికో," అన్నాడు రుప్పెల్. దూరంగా ఉంటుందని, అవతల ఇటలీ అని, ఎవరూ అంత దూరం పోరని అతని లెక్క.

ఓలర్ పోలేదు, ఫోన్ చేశాడు. దక్షిణ టైరోల్‌లో వాళ్ళ రింగులు అమ్మే దుకాణం ఒకటే ఉంది. దాని యజమాని అలోయిస్ అనే పెద్దాయన. పదకొండున్నరకు ఆయనే రుప్పెల్‌కు తిరిగి ఫోన్ చేశాడు.

"మీరేనా నాయనా ఆ చీటీ అంటించింది? మీ నోట్లో చక్కెర పోయ! పదమూడేళ్ళ కింద ఆ పెట్టెలోంచి ఒక రింగు ఇంటికి తీసుకెళ్ళి బిగించాను. పప్పుల సూపు మొత్తం మా వంటింటి కప్పుకు అంటుకుంది. బిగించడం చేతకాలేదని మా ఆవిడ ఇప్పటిదాకా దెప్పుతూనే ఉంది. ఉండండి, ఆవిడకిస్తాను. ఆ మాట మీ నోటితో చెప్పండి."

"అయ్యా, అది బహుశా..."

"హలో?" అంది ఒక కఠినమైన ఆడ గొంతు.

పదమూడేళ్ళు అన్యాయంగా మాటపడ్డ మనిషి అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రుప్పెల్‌కు మరో దారి కనిపించలేదు. "తప్పు నాదేనమ్మా. మీవారు సరిగ్గానే బిగించారు," అన్నాడు. అవతల అలోయిస్ ఏడ్చినంత పనిచేశాడు. ఫోన్ పెట్టేశాక రుప్పెల్ గడియారం చూశాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నింద దించడానికి అర నిమిషం పట్టింది.

ఈ సంగతి భోజనాల వేళకు ఫ్యాక్టరీ అంతా పాకింది. స్వెన్యా దక్షిణ టైరోల్‌తో ఆగలేదు. రింగులు కొనే నలభై ఒక్క దుకాణాలకూ క్షమాపణ ఈమెయిలు పంపించింది. రెండింటికల్లా మరో ఆరు దుకాణాలు తమకూ అలాంటి పెట్టె వచ్చిందని, అప్పట్లోనే అనుమానం వచ్చిందని జవాబిచ్చాయి. జరగని తప్పుకు ఏడుగురు సాక్షులు దొరికారు. ఓలర్ రెండో ఫారం తెచ్చుకున్నాడు.

ఈలోగా ఒప్పుకోవడం అంటువ్యాధిలా తగులుకుంది. భోజనాల దగ్గర బెర్టోల్డ్ గరిటె కింద పెట్టి, శాకాహారుల పప్పులో ఆరేళ్ళుగా పంది మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తున్నానని ప్రకటించాడు. రుచి కోసమేనట. చప్పట్లు కొట్టాలని నియమం గనక శాకాహారులు కూడా కొట్టారు. ఒకామె కొడుతూనే బయటికి పరుగెత్తింది. గేటు దగ్గరి కాపలాదారు ఫ్యాక్టరీ గడియారం ఇరవై ఏళ్ళుగా రెండు నిమిషాలు ముందుందని చెప్పాడు. పొద్దున్న రెండు నిమిషాలు ముందొచ్చామని కార్మికులు, సాయంత్రం రెండు నిమిషాలు ముందు పోయారని ఆఫీసువాళ్ళు వాదులాడుకున్నారు. ఇద్దరు ఇంజినీర్లు ఒకరి తప్పు ఒకరు ఒప్పుకోబోయి కొట్టుకున్నంత పనయింది.

మూడున్నరకు రుప్పెల్‌కు పన్ను నొప్పి మొదలైంది. కోటు తొడుక్కుంటుండగా స్వెన్యా వచ్చింది.

"ఎక్కడికండీ? మీరు లేకుండా సభ ఎలా? రోస్విటా గారికి పూలిచ్చాక మీకు సన్మానం. ఈ ఫ్యాక్టరీ మారుతుందని నాకు ఇవాళే నమ్మకం కుదిరింది, అదీ మీవల్ల."

"పన్ను, పన్ను నొప్పండీ."

"కేకు మెత్తగానే ఉంటుంది," అని అతని చెయ్యి పట్టుకుని నడిపించింది.

క్యాంటీనులో నూట ఇరవై మంది. ముందు వరసలో రోస్విటా, చిన్న మనిషి, బూడిదరంగు స్వెటర్, గొలుసుకు వేలాడే కళ్ళజోడు. ఒళ్ళో అట్ట ఫైలు. స్వెన్యా పూలు ఇచ్చింది, నాలుగు మంచి మాటలు చెప్పింది, ఏమైనా మాట్లాడమంది. రోస్విటా లేచి నిలబడింది.

"నాకు ప్రసంగాలు రావు. పని మాత్రం వచ్చు. రెండు వేల పన్నెండు మార్చి నమూనాలు తీయమని ఓలర్ పొద్దున చీటీ పంపాడు. వెతికాను." ఫైలు తెరిచింది. "ఆ నెల మనం ఇరవై రెండు సెంటీమీటర్ల రింగు ఒక్కటి కూడా చేయలేదు. ఆ అచ్చు ఆరు వారాలు మరమ్మతులో ఉంది. కాబట్టి రుప్పెల్ గారు ఆ తప్పు చేయలేదు, చేయడానికి వీల్లేదు."

క్యాంటీనంతా గుసగుసలు.  అబద్ధం బయటపడితే పడింది, తిట్టి వదిలేస్తారనుకున్నాడు రుప్పెల్. కాని మొదట లేచింది ఓలర్.

"అంటే వేరే ఎవరి తప్పో తన నెత్తిన వేసుకున్నారన్నమాట!"

"మనందరికీ ధైర్యం రావాలని!" అన్నాడు బెర్టోల్డ్.

స్వెన్యా గుండెల మీద చెయ్యి వేసుకుంది. "రుప్పెల్ గారూ!"

పొద్దుటికన్నా రెట్టింపు చప్పట్లు. కొందరు లేచి నిలబడ్డారు. రోస్విటా ఒక్కతే చప్పట్లు కొట్టకుండా అతన్ని చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే రుప్పెల్ తట్టుకునేవాడే. తల కొట్టేసినట్టయింది. పరాయి నింద మోసిన మహానుభావుడని తనను పొగుడుతున్నారు, అదీ తన నింద పదహారేళ్ళు మోసిన మనిషి ముందు. బూట్ల వైపు చూడబోయాడు. ఈసారి లేసులు గట్టిగానే ఉన్నాయి. ఇక చూడటానికి అక్కడ ఏమీ లేదు.

"ఆపండి," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. బల్ల మీద గుద్దాడు. కేకు కదిలింది. "ఆపండి! నేనెవరి తప్పూ నెత్తిన వేసుకోలేదు. నా తప్పే ఆవిడ నెత్తిన వేశాను. రెండు వేల తొమ్మిదిలో రెండో నంబరు ఓవెన్ వేడి పెంచింది నేను. రైలు కోసం. ఆవిడ షిఫ్టు అయిపోయి పది నిమిషాలయింది. పెద్దాయన అడిగితే పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. ఆ తర్వాత పదహారేళ్ళు... బిస్కెట్లు పంపాను."

 బెర్టోల్డ్ అలవాటు కొద్దీ ఒక చప్పట కొట్టి, రెండోదానికి చేతులు దూరంగా జరిపి అలాగే ఉంచేశాడు. ఓలర్ నెమ్మదిగా మూడో ఫారం తీశాడు.

"నాకు తెలుసు," అంది రోస్విటా.

ఫైల్లోంచి ఇంకో కాగితం తీసింది. ఓవెన్ వేడిని పెన్నుతో గీసే గుండ్రటి చార్టు. గీత ఒకచోట గోడ ఎక్కినట్టు పైకి లేచింది. ఆ మలుపు దగ్గర, వేడి మార్చినవాళ్ళు పెట్టాల్సిన చోట, చక్కటి చేతిరాతతో ఎ. రు. అని పొట్టి సంతకం ఉంది. కింద సమయం కూడా వేసి ఉంది.

రుప్పెల్ ముందుకు వంగి ఆ అక్షరాలు చూశాడు. దొంగతనంగా చేసిన పనికి కూడా నియమం ప్రకారం సంతకం పెట్టాడు. పెట్టినట్టు అతనికి గుర్తే లేదు.

"నన్ను శిక్షగా పంపింది ఈ కాగితాలుండే గదికే," అంది రోస్విటా. "వెళ్ళిన రెండో వారం దొరికింది. పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. విభాగానికి పెద్ద తప్పు చేయడు, చేస్తే మిగతావాళ్ళ కాగితాల మీద సంతకాలు ఎవరు పెడతారు, అన్నారు. సరే, ఆయన వినకపోతే ఈయనే వస్తారనుకున్నాను. ఏటా కార్డు రాశాను, కిందికి రండని. పద్నాలుగు మెట్లే రుప్పెల్ గారూ."

స్వెన్యా మొహం ఎర్రబడింది. "రోస్విటా గారూ, మా నాన్నగారి తరఫున నేను..."

"మీ నాన్నగారు లేరమ్మా. ఉన్నవాళ్ళ సంగతి చూద్దాం."

"నేనేం చేయను?" అన్నాడు రుప్పెల్. ఆ మాట అనడానికి కూడా అతనికి సిగ్గేసింది. "ఏం చేసినా ఆ పదహారేళ్ళు తిరిగి రావు."

"రావు," అంది ఆమె. "ముందు ఆ బిస్కెట్లు ఆపండి. సోంపు నాకు పడదు. పదహారు డబ్బాలూ కాపలాదారు కుక్కే తింది. రెండోది, నా డ్యూటీ ఇంకా నలభై నిమిషాలుంది. ఓవెన్ దగ్గరికి వెళ్తాను."

కేకు అలాగే వదిలేసి నూట ఇరవై మందీ ఆమె వెనక ఓవెన్లున్న హాల్లోకి నడిచారు. అందరికన్నా వెనక రుప్పెల్, ఆమె పూలగుత్తి మోసుకుంటూ. రెండో నంబరు ఓవెన్ మీద నూట అరవై అయిదు అని వెలుగుతోంది. రోస్విటా తలుపు దగ్గర ముక్కు పెట్టి ఒకసారి గాలి పీల్చింది. నొసలు ముడిచింది.

"అంకె అబద్ధం చెబుతోంది. లోపల ఎక్కువుంది. ఎవరూ చూసుకోలేదా?"

అక్కడ పనిచేసే ఇద్దరు మనుషులు ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూశారు.

"సోమవారం నుంచి తెలుసండీ," అన్నాడు చివరికి అందులో ఒకడు.

"సోమవారం నుంచా!" స్వెన్యా గొంతు కీచుగా వచ్చింది. "మరి చెప్పరేం? ఇప్పుడు ఎవరూ తిట్టడం లేదుగా!"

"అదేనండీ భయం. చెబితే అందరి ముందు నిలబెట్టి చప్పట్లు కొడతారని."

స్వెన్యా అక్కడున్న స్టూలు మీద కూలబడింది. ఆమె ఒక పటాలాన్ని తీసేసి, ఇంకో పటాలాన్ని తెచ్చి పెట్టింది; తేడా అల్లా ఇందులో బ్రెట్జెళ్ళు ఇవ్వడమే. "ఎలా చెప్పించాలి వీళ్ళ చేత?" అంది, ఎవరినో కాదు, ఓవెన్‌నే అడుగుతున్నట్టు.

"సభలెందుకమ్మా," అంది రోస్విటా, మీటను మెల్లగా వెనక్కి తిప్పుతూ. "తెలిసిన రోజునే, పక్కవాడి పేరు రాకముందే చెబితే చాలు. వినేవాళ్ళు ఊరికే విని పనిలోకి దిగాలి. అంతే కదా రుప్పెల్ గారూ?"

"అంతే," అన్నాడు రుప్పెల్, ఆమె మొహంలోకి చూసి. పదహారేళ్ళలో చూడటం అదే మొదలు. ఆమె కళ్ళు గోధుమరంగువని అతనికి ఇప్పుడే తెలిసింది.

ఓవెన్ చార్టు మీద గీత కిందికి దిగింది. వేడి మార్చాక సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్ళ అలవాటు చొప్పున రుప్పెల్ జేబులోంచి పెన్ను తీసి చార్టు వైపు చెయ్యి చాపాడు.

"మీరు మాత్రం ఏదీ ముట్టుకోకండి," అంది రోస్విటా.